హెక్స్ టెక్స్ట్ ఫైల్‌ని బైట్లుగా మార్చడం: ఆ 1,536 బైట్లు ఎక్కడి నుంచి వచ్చాయి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ఒక టెక్స్ట్ ఫైల్ ఉంది. అందులో హెక్స్ అంకెలు (పది బదులు పదహారు ఆధారంగా రాసే సంఖ్యల అంకెలు) జంటలుగా, జంటకీ జంటకీ మధ్య ఒక స్పేస్‌తో, లైన్‌కి 16 జంటల చొప్పున 64 లైన్లు ఉన్నాయి. దాన్ని చదివి, ఒక డివైస్‌లోకి పంపడానికి 1,024 బైట్ల బైనరీ ఫైల్ రాయాలి. పైథాన్‌లో మొదటిసారి ఎన్‌కోడ్ వాడితే 3,072 బైట్లు వచ్చాయి. రెండోసారి రెండేసి అక్షరాలు కోసుకుంటూ ఇంట్ ఫంక్షన్‌కి (టెక్స్ట్‌ని సంఖ్యగా మార్చేది) ఇస్తే ఎరర్ ఏమీ రాలేదు, కానీ ఫైల్ 1,536 బైట్లు అయింది. అసలు టెక్స్ట్ ఫైల్ సైజ్ ఏమో 3,136 అని చూపిస్తోంది. డివైస్ రెండింటినీ తీసుకోలేదు.

ఈ సంఖ్యలన్నీ రాసి మంచి పని చేశారు. కోడ్ చూడకుండానే ఏం జరిగిందో వీటితోనే చెప్పేయొచ్చు. ఇలాంటి సమస్య వస్తే నేను కూడా ముందు చూసేది ఫైల్ సైజే.

లెక్క కడదాం. ఒక లైన్‌లో 16 జంటలంటే 32 అంకెలు, వాటి మధ్య 15 స్పేస్‌లు, మొత్తం 47. లైన్ చివర కొత్త లైన్ గుర్తు ఒకటి కలిస్తే 48. 64 లైన్లకి 3,072. కానీ ఫైల్ 3,136 ఉంది, అంటే సరిగ్గా 64 ఎక్కువ. కాబట్టి ప్రతి లైన్ చివరా ఒకటి కాదు, రెండు గుర్తులున్నాయి, వాటి కోడ్‌లు 13, 10. విండోస్‌లో తయారైన ఫైల్ అన్నమాట. పైథాన్ టెక్స్ట్ మోడ్‌లో చదివేటప్పుడు ఆ రెండింటినీ ఒక్క 10గా మార్చి ఇస్తుంది. అందుకే మీ చేతికి వచ్చిన స్ట్రింగ్‌లో 3,072 అక్షరాలున్నాయి. మొదటి ప్రయత్నంలో ఆ అక్షరాలనే ఉన్నవి ఉన్నట్టుగా బైట్లు చేసి రాసేశారు.

ఇక్కడే చాలామంది తడబడతారు, కాబట్టి కాస్త నిదానంగా చెప్తాను. ఫైల్‌లో మీకు 48 అని కనిపిస్తోంది. అది కంప్యూటర్‌కి 48 కాదు. '4' అనే అక్షరం, దాని పక్కన '8' అనే అక్షరం. ఆస్కీలో, అంటే ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే పట్టికలో, '4' కోడ్ 52, '8' కోడ్ 56. ఎన్‌కోడ్ చేసే పని అక్షరాన్ని దాని కోడ్‌గా మార్చడమే. అందుకే మీకు 52, 56 అని రెండు బైట్లు వచ్చాయి. మీకు కావలసింది ఒకే బైట్, దాని విలువ 72. ఎందుకంటే హెక్స్‌లో 48 అంటే నాలుగు పదహార్లు, ఎనిమిది. మీకు కావలసిన పనిని ఎన్‌కోడ్ అనరు, డీకోడ్ అంటారు. హెక్స్ అనేది బైట్లని మనిషి కంటికి కనపడేలా రాసుకునే పద్ధతి. దాన్ని వెనక్కి తిప్పుతున్నాం.

(ఒక చిన్న మాట. కోడ్‌ని మాటల్లోనే రాస్తున్నాను, లాజిక్ అన్ని భాషల్లోనూ ఒకటే కాబట్టి. హెక్స్‌లోని ఆరు అక్షరాలని ఏ, బి, సి, డి, ఈ, ఎఫ్ అని రాస్తాను. 6సి అంటే ఆరు పదహార్లు, పన్నెండు, అంటే 108.)

ఇప్పుడు రెండో ప్రయత్నం. నన్ను బాగా కలవరపెట్టింది ఇదే, ఎందుకంటే ఎరర్ రాలేదు. మీ ఫైల్ మొదట్లో 48 65 10 అని ఉందనుకోండి. స్పేస్‌లు తీసేయకుండా రెండేసి అక్షరాలు కోస్తే మొదటి ముక్క '48'. రెండో ముక్క స్పేస్, 6. మూడో ముక్క 5, స్పేస్. నాలుగోది '10'. రెండో ముక్కని ఇంట్ ఫంక్షన్ తిప్పికొట్టాలి కదా? కొట్టదు. ముందూ వెనకా ఉన్న స్పేస్‌లని అది తనంతట తానే తీసేసుకుంటుంది. కొత్త లైన్ గుర్తునీ అంతే. కాబట్టి మీకు 72, 6, 5, 16 వచ్చాయి. రావలసింది 72, 101, 16. ప్రతి ఆరు అక్షరాలకీ రెండు బైట్లు రావలసిన చోట మూడు వచ్చాయి. 1,024కి ఒకటిన్నర రెట్లు కడితే 1,536. మొదటి బైట్ సరిగ్గానే ఉంటుంది కాబట్టి పైపైన చూస్తే అంతా బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది కూడా.

మీ ఫైల్ వరకు జవాబు చిన్నదే. పైథాన్‌లో బైట్స్ టైప్‌కి ఫ్రమ్‌హెక్స్ అనే మెథడ్ ఉంది. ఫైల్‌ని టెక్స్ట్‌గా తెరవండి, ఎన్‌కోడింగ్ ఆస్కీ అని చెప్పండి, మొత్తం ఒకేసారి చదివి దానికి ఇవ్వండి. వచ్చినదాన్ని బైనరీ మోడ్‌లో తెరిచిన ఫైల్‌లో రాయండి. మూడు నాలుగు లైన్ల పని. పైథాన్ 3.7 నుంచి ఈ మెథడ్ స్పేస్‌లతో పాటు ట్యాబ్‌లు, కొత్త లైన్లు కూడా దాటేస్తుంది. అంతకు ముందు వెర్షన్లలో మామూలు స్పేస్‌ని మాత్రమే దాటేది, అందుకని పాత మెషీన్ మీద ఇదే కోడ్ ఎరర్ ఇస్తే ఆశ్చర్యపోకండి. బిన్‌ఆస్కీ మాడ్యూల్‌లో అన్‌హెక్స్‌లిఫై అని ఇంకొకటి ఉంది. దానికి స్పేస్ అస్సలు పనికిరాదు, అంకెలు తప్ప ఇంకేమీ ఉండకూడదు.

ఫ్రమ్‌హెక్స్‌లో నాకు నచ్చేది దాని పట్టుదల. జంటల మధ్య ఖాళీ ఉంటే ఒప్పుకుంటుంది, జంట నడుమ ఖాళీ ఉంటే ఒప్పుకోదు. '4', స్పేస్, '8' అని ఇస్తే 72 అని ఊహించదు, తప్పు అంటుంది, ఏ స్థానంలో తప్పు ఉందో కూడా చెప్తుంది. ఇంట్ ఫంక్షన్ అలా కాదు. అది మనుషులు టైప్ చేసే సంఖ్యల కోసం పుట్టింది కాబట్టి ఉదారంగా ఉంటుంది. '+5' ఇచ్చినా 5 అంటుంది, '-5' ఇస్తే మైనస్ అయిదు అంటుంది. తెలుగు అంకెలు ౧౨ అని ఇచ్చి 16 ఆధారంగా మార్చమంటే 18 అని ఇచ్చేస్తుంది! తెలుగు అంకెల్ని గుర్తించడం చూస్తే ముచ్చటేస్తుంది, కానీ బైనరీ ఫైల్ తయారుచేసే చోట ఆ ఉదారత వద్దు. 'హెక్స్‌ని సంఖ్యగా చదివే ఫంక్షన్', 'హెక్స్‌ని బైట్లుగా మార్చే ఫంక్షన్' రెండూ ఒకటి కావని గుర్తుపెట్టుకుంటే సగం తప్పులు మొదట్లోనే పోతాయి.

రెడీమేడ్ ఫంక్షన్ లేని చోట, లేదా తప్పు ఏ లైన్‌లో ఉందో తెలియాలనుకున్న చోట, మీరే రాసుకోవాలి. అది కష్టం కాదు. ఒక హెక్స్ అంకె అంటే నాలుగు బిట్లు, సగం బైట్. అక్షరం కోడ్ 48 నుంచి 57 లోపు ఉంటే 48 తీసేయండి, 0 నుంచి 9 వస్తుంది. పెద్ద అక్షరాలు 65 నుంచి 70 వరకు ఉంటాయి, వాటి నుంచి 55 తీసేస్తే 10 నుంచి 15 వస్తుంది. చిన్న అక్షరాలు 97 నుంచి 102, వాటి నుంచి 87 తీసేయాలి. మిగతాది ఏదైనా హెక్స్ అంకె కాదు. మొదటి సగాన్ని 16తో గుణించి రెండో సగం కలిపితే బైట్. బిట్ల భాషలో చెప్పాలంటే మొదటిదాన్ని ఎడమకి నాలుగు జరిపి రెండోదాన్ని ఆర్ చేయాలి.

లూప్ నేనెప్పుడూ ఇలా రాస్తాను. ఫైల్‌ని బైనరీ మోడ్‌లోనే చదువుతాను, టెక్స్ట్ మోడ్ కాదు. ఎందుకంటే లైన్ చివర్లతో సహా ఫైల్‌లో నిజంగా ఏముందో నాకు తెలియాలి. ఒక వేరియబుల్‌లో 'సగం' అని పెట్టుకుంటాను, మొదట అది ఖాళీ. లైన్ నంబర్, ఆ లైన్‌లో ఎన్నో అక్షరం అని మరో రెండు లెక్కలు. ఒక్కొక్క అక్షరం తీసుకుంటాను. అది హెక్స్ అంకె అయితే: సగం ఖాళీగా ఉంటే దాని విలువని అందులో దాచుకుంటాను, ఖాళీగా లేకపోతే రెండూ కలిపి బైట్ బయటికి పంపి సగాన్ని మళ్ళీ ఖాళీ చేస్తాను. అది స్పేస్, ట్యాబ్, 13, 10లలో ఒకటైతే: సగం ఖాళీగా ఉంటే దాటేస్తాను, లేకపోతే 'జంట మధ్యలో తెగింది' అని ఎరర్. ఈ రెండు రకాలూ కానిది ఏదొచ్చినా ఎరర్, ఆ అక్షరం కోడ్‌తో సహా. ఫైల్ అయిపోయాక సగం ఇంకా చేతిలో ఉంటే అదీ ఎరరే. చివరి అంకెని ఊరికే వదిలేయడం గానీ, సున్నా కలిపి జంట చేయడం గానీ ఎప్పుడూ చేయొద్దు.

ఎరర్‌లో అక్షరం కోడ్ ఎందుకు రాయమంటున్నానంటే, ఇబ్బంది పెట్టే అక్షరాలు చాలావరకు కంటికి కనపడవు. వెబ్ పేజీ నుంచి కాపీ చేసిన టెక్స్ట్‌లో మామూలు స్పేస్ బదులు 160 కోడ్ ఉన్న స్పేస్ వస్తుంది. ఈరోజుల్లో టెక్స్ట్‌ని బైట్లుగా రాసే మామూలు పద్ధతి యూటీఎఫ్-8లో అది 194, 160 అని రెండు బైట్లుగా ఉంటుంది. చూడటానికి రెండూ ఒకటే. స్కాన్ చేసిన కాగితం నుంచి తీసిన టెక్స్ట్‌లో సున్నా బదులు ఓ అక్షరం, ఒకటి బదులు చిన్న ఎల్ అక్షరం వస్తాయి. 'తప్పు అక్షరం' అని మాత్రమే చెప్పే ఎరర్ మనల్ని స్క్రీన్ ముందు గంటలు కూర్చోబెడుతుంది. '37వ లైన్, 12వ అక్షరం, కోడ్ 194' అని చెప్పే ఎరర్ ఒక్క నిమిషంలో పంపించేస్తుంది.

ఫైల్ మొదట్లోనే ఎరర్ వస్తే, అదీ కోడ్ 239 అని వస్తే, కంగారుపడకండి. 239, 187, 191 అనే మూడు బైట్లు యూటీఎఫ్-8 ఫైల్ ముందు కొన్ని ఎడిటర్లు పెట్టే గుర్తు. దాన్ని బామ్ అంటారు. ఫైల్ ఆరంభంలో, ఈ మూడూ అదే వరుసలో ఉంటే మాత్రమే దాటేయండి. మొదటి రెండు బైట్లు 255, 254 అయితే అది యూటీఎఫ్-16 ఫైల్. అందులో ప్రతి అంకె తర్వాతా ఒక సున్నా బైట్ ఉంటుంది. విండోస్ పవర్‌షెల్ 5.1లో ఒక కమాండ్ అవుట్‌పుట్‌ని బాణం గుర్తుతో ఫైల్‌లోకి మళ్ళిస్తే ఇలాంటి ఫైలే తయారవుతుంది. అలాంటప్పుడు సున్నాలని దాటేయాలని కోడ్ రాయకండి, ఫైల్‌ని యూటీఎఫ్-16గా తెరవండి.

ఇక్కడ చాలామంది ఇచ్చే సలహా ఒకటుంది: 'హెక్స్ అంకెలు కానివన్నీ ముందు తీసేయ్, మిగిలినవి జంటలుగా కలిపేయ్.' దయచేసి ఇది చేయకండి. నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఫైల్‌లో 0ఎక్స్48, 0ఎక్స్65 అని రాసి ఉందనుకోండి, ప్రోగ్రామ్‌లలో సహజంగా రాసే పద్ధతి అదే. ఎక్స్ హెక్స్ అంకె కాదు, పోతుంది. దాని ముందున్న సున్నా మాత్రం హెక్స్ అంకే, ఉండిపోతుంది. 048065 మిగులుతుంది. జంటలు చేస్తే 04, 80, 65. మూడు బైట్లు, మూడూ కలిసొచ్చి సరిసంఖ్యలో అంకెలు, ఎరర్ లేదు. ఫైల్‌లో ఇంగ్లిష్ కామెంట్ ఉంటే ఇంకా ఘోరం: అందులోని ఏ, బి, సి, డి, ఈ, ఎఫ్ అక్షరాలన్నీ అంకెలైపోయి మీ డేటాలో కూర్చుంటాయి. 0ఎక్స్ ఉంటుందని తెలిస్తే, జంట ఆరంభంలో ఆ రెండు అక్షరాలూ కలిసి ఉన్నాయా అని చూసి దాటేయండి. కామా ఉంటుందని తెలిస్తే కామాని పేరుపెట్టి ఒప్పుకోండి. ఏది ఒప్పుకోవాలో జాబితా మీరు రాయాలి. మిగతాదంతా తప్పే.

నాకు ఇది ఎలా తెలిసిందో చెప్తాను. చాలా ఏళ్ల క్రితం నేను పనిచేసిన ఒకచోట, ఇంకో టీమ్ మాకు హెక్స్ ఫైళ్లు పంపేది. జంటల మధ్య స్పేస్ ఉండేది కాదు, అన్నీ కలిపి ఒకే పొడవాటి వరుస. వాళ్ల ప్రోగ్రామ్ ప్రతి బైట్‌ని హెక్స్‌లో ప్రింట్ చేసేటప్పుడు రెండు అంకెల వెడల్పు అని చెప్పడం మర్చిపోయింది. బైట్ విలువ 16 కంటే తక్కువైతే ముందు సున్నా పడలేదు. 05 బదులు 5. ఫైల్‌లో అలాంటి చిన్న బైట్లు సరిసంఖ్యలో ఉంటే మొత్తం అంకెల సంఖ్య కూడా సరిసంఖ్యే, మా కోడ్ కిమ్మనకుండా మార్చేసేది. బేసి సంఖ్యలో ఉంటే చివరి అంకెని వదిలేసేది, అదీ ఎవరో 'ఎరర్ రాకుండా' చేసిన ఏర్పాటే. రెండు రోజులు డివైస్‌నే అనుమానించాం. కేబుళ్లు మార్చాం. చివరికి బైట్ల సంఖ్య లెక్కపెడితే తేలింది. ఆ ఫైళ్లని బాగుచేయడం కూడా కుదరలేదు, ఎందుకంటే 123 అని ఉంటే అది 12, 3నా, 1, 23నా అని చెప్పే దారి లేదు. మళ్ళీ తయారుచేయించుకోవలసి వచ్చింది. స్పేస్‌లు ఉండి ఉంటే ఒంటరి అంకె కనపడేది, ఫైల్ కూడా బతికేది.

అప్పటి నుంచి హెక్స్ ఫైల్ ఎవరైనా ఇస్తే దాన్ని రాసిన ప్రోగ్రామ్ ఏదో అడుగుతాను. రాసేవైపు చేసే ఇంకో తప్పు కూడా చూస్తే వెంటనే గుర్తుపట్టొచ్చు: కొన్ని జంటల బదులు ఎనిమిది అంకెలు, ముందు వరుసగా ఆరు ఎఫ్‌లు, చివర రెండు అసలు అంకెలు. సి భాషలో సైన్ ఉన్న క్యారెక్టర్‌ని నేరుగా, జావాలో బైట్‌ని ఇంటిజర్ క్లాస్‌లోని టూహెక్స్‌స్ట్రింగ్‌తో హెక్స్‌గా ప్రింట్ చేస్తే 128 నుంచి పై విలువలన్నీ ఇలా వస్తాయి. బైట్ మైనస్ సంఖ్యగా మారి, 32 బిట్లకి సాగి, అప్పుడు ప్రింట్ అయింది. రాసే చోట 255తో ఆండ్ చేస్తే పోతుంది. చదివే చోట సర్దుకోవద్దు, రాసేవాళ్లకి చెప్పండి. హెక్స్ డేటా స్ప్రెడ్‌షీట్ మీదుగా వచ్చినా అంతే జాగ్రత్త: 05 కాస్తా 5 అవుతుంది, 12ఈ4 లాంటిది శాస్త్రీయ పద్ధతిలో రాసిన సంఖ్య అనుకుని 1,20,000 చేసేస్తుంది.

మీరు పైథాన్‌లోనే ఉన్నా, ఇదే పని రేపు వేరే భాషలో చేయాల్సి రావచ్చు. అక్కడ నేను చూసిన గుంతలు చెప్తాను.

సి భాషలో స్కాన్‌ఎఫ్‌కి శాతం గుర్తు, 2, ఎక్స్ ఇస్తే రెండు అంకెలు చదువుతుంది, ముందున్న స్పేస్‌లు తనే దాటుతుంది. కానీ అది అన్‌సైన్డ్ ఇంట్ అడ్రస్ అడుగుతుంది. మీరు క్యారెక్టర్ అర్రే అడ్రస్ ఇస్తే మామూలు కంప్యూటర్‌లో ప్రతిసారీ నాలుగు బైట్లు రాస్తుంది. అర్రే చివర్లో మూడు బైట్లు పక్క మెమరీ మీద పడతాయి. ఒక్కోసారి ఏమీ జరగదు, ఒక్కోసారి ప్రోగ్రామ్ సంబంధంలేని చోట కూలిపోతుంది. ఇంట్‌లోకి చదివి తర్వాత బైట్‌లో పెట్టండి, లేదా ఎక్స్ ముందు రెండు హెచ్‌లు చేర్చి అన్‌సైన్డ్ క్యారెక్టర్ అడ్రస్ ఇవ్వండి, అది సి99 నుంచి ఉంది. లూప్ ఆగింది ఫైల్ అయిపోయినందుకా, చెడ్డ అక్షరం తగిలినందుకా అని బయటికి వచ్చాక తప్పకుండా చూడండి. ప్లస్, మైనస్ గుర్తుల్ని ఇదీ ఒప్పుకుంటుంది కాబట్టి నేనైతే సి భాషలో పైన చెప్పిన లూప్ సొంతంగానే రాస్తాను. సి++లో హెక్స్ అని పెట్టి 8 బిట్ల ఇంటిజర్‌లోకి స్ట్రీమ్ నుంచి చదివితే, ఆ టైప్ నిజానికి క్యారెక్టర్ కాబట్టి '4' అనే ఒక్క అక్షరాన్ని 52గా చదివి ఊరుకుంటుంది. మళ్ళీ మీ మొదటి ప్రయత్నమే అక్కడ ఇంకో వేషంలో కనపడుతుంది.

జావాలో బైట్ పరిధి మైనస్ 128 నుంచి 127 వరకే. అందుకని బైట్ క్లాస్‌లోని పార్స్‌బైట్‌కి ఎఫ్‌ఎఫ్ ఇస్తే ఎక్సెప్షన్ వస్తుంది. ఇంటిజర్‌గా పార్స్ చేసి బైట్‌గా క్యాస్ట్ చేస్తే మైనస్ 1 కనిపిస్తుంది. అది తప్పు కాదు, బిట్లు అవే ఎనిమిది ఒకట్లు, ఫైల్‌లో రాస్తే 255గానే పడుతుంది. దీనికోసం చాలామంది టెన్షన్ పడి అక్కర్లేని లెక్కలు చేస్తుంటారు. 2021లో వచ్చిన జావా 17లో హెక్స్‌ఫార్మాట్ అనే క్లాస్ ఉంది, జంటల మధ్య ఏ గుర్తు ఉంటుందో ముందే చెప్పి వాడొచ్చు, చెప్పినట్టు లేకపోతే ఎక్సెప్షన్ ఇస్తుంది. బిగ్‌ఇంటిజర్‌తో మార్చే చిట్కా మాత్రం వద్దు. అది సంఖ్య కాబట్టి ముందున్న 00 బైట్లు మాయమవుతాయి, కొన్నిసార్లు ముందు ఒక అదనపు 00 వచ్చి చేరుతుంది.

నోడ్ జావాస్క్రిప్ట్‌లో బఫర్ డాట్ ఫ్రమ్‌కి హెక్స్ అని చెప్పి ఇస్తే, చెల్లని జంట కనపడగానే అక్కడితో ఆపేసి, అప్పటిదాకా వచ్చినదే ఇచ్చేస్తుంది. ఎరర్ ఉండదు. మీ ఫైల్‌ని అలాగే ఇస్తే 1,024 బదులు ఒకే ఒక్క బైట్ వస్తుంది, మొదటి స్పేస్ దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి స్పేస్‌లు తీసేశాక అంకెల సంఖ్యలో సరిగ్గా సగం బైట్లు వచ్చాయా అని చూడటం అక్కడ తప్పనిసరి. పార్స్‌ఇంట్ కూడా '1జి' ఇస్తే 1 అంటుంది. గో భాష ఎరర్ ఇస్తుంది, కానీ దాంతోపాటే అప్పటిదాకా మార్చిన బైట్లూ ఇస్తుంది. ఎరర్‌ని పట్టించుకోకుండా బైట్లు మాత్రమే తీసుకుంటే ఫలితం నోడ్‌లాగే ఉంటుంది. డాట్‌నెట్ 5 నుంచి ఉన్న కన్వర్ట్ డాట్ ఫ్రమ్‌హెక్స్‌స్ట్రింగ్ గట్టిది, స్పేస్‌లకి కూడా ఒప్పుకోదు.

కోడ్ రాయకుండా ఒక్కసారికి పని జరిగితే చాలనుకుంటే ఎక్స్‌ఎక్స్‌డి అనే కమాండ్‌కి ఆర్, పి ఆప్షన్లు ఇవ్వండి, సరిపోతుంది. మీ కోడ్ ఇచ్చిన ఫలితాన్ని సరిచూసుకోవడానికి కూడా అది పనికొస్తుంది.

పెద్ద ఫైళ్లకి ఒక్క జాగ్రత్త చాలు. కొన్ని వందల మెగాబైట్లుంటే మొత్తం మెమరీలోకి తెచ్చుకోకుండా 64 కిలోబైట్ల చొప్పున చదవండి. అప్పుడు ఒక జంటలో మొదటి అంకె ఈ విడత చివర, రెండోది తర్వాతి విడత మొదట పడే అవకాశం ఉంది. ఇందాకటి 'సగం' వేరియబుల్‌ని విడతల మధ్య ఖాళీ చేయకపోతే ఏ ఇబ్బందీ లేదు. ఫ్రమ్‌హెక్స్‌కి విడతలుగా ఇస్తే మాత్రం ఇక్కడే పగులుతుంది. వేగం చాలకపోతే 256 గడుల పట్టిక ఒకటి ముందే తయారుచేసుకోండి, ప్రతి అక్షరం కోడ్‌కీ దాని విలువ, చెల్లనివాటికి 255. మూడు పోలికల బదులు ఒక్కసారి చూస్తే అయిపోతుంది.

రెండు రకాల ఫైళ్లు మాత్రం చూడటానికి మీ ఫైల్‌లాగే ఉండి మోసం చేస్తాయి. ఒకటి డంప్, అంటే ఒక ఫైల్‌లోని బైట్లని కంటితో చూసుకోవడానికి ముద్రించిన టెక్స్ట్: ప్రతి లైన్ మొదట్లో అడ్రస్ ఉంటుంది, చివర్లో అవే బైట్లు అక్షరాలుగా ఉంటాయి. ఆ రెండూ డేటా కాదు. ఇందులో ఇంకా లోతైన తిరకాసు ఏమిటంటే, హెక్స్‌డంప్ కమాండ్‌ని ఏ ఆప్షనూ లేకుండా మామూలు పీసీ మీద నడిపితే రెండేసి బైట్లని ఒక సంఖ్యగా తీసుకుని ముద్రిస్తుంది. ఫైల్‌లో 48, 65 అని ఉంటే అక్కడ 6548 అని కనిపిస్తుంది. ఆ టెక్స్ట్‌ని నేరుగా బైట్లుగా మారిస్తే ప్రతి జతా తారుమారు. పెద్ద సి ఆప్షన్ ఇస్తే బైట్లు ఉన్న వరుసలోనే వస్తాయి.

రెండోది ఇంటెల్ హెక్స్, డివైస్‌లో పెట్టే డేటాని అడ్రస్‌లతో సహా టెక్స్ట్‌గా రాసే ఫార్మాట్. మీది డివైస్‌లోకి వెళ్లే ఫైల్ అన్నారు కాబట్టి చెప్తున్నాను. ప్రతి లైన్ కోలన్‌తో మొదలైతే అది ఇదే. కోలన్ తర్వాత డేటా బైట్ల సంఖ్య ఒక బైట్, అడ్రస్ రెండు బైట్లు, రకం ఒక బైట్, తర్వాత డేటా, చివర చెక్‌సమ్ (లైన్ పాడవలేదని సరిచూసుకునే లెక్క) ఒక బైట్. ఉదాహరణకి 02, 0010, 00, 12 34, ఏ8. చెక్‌సమ్ ముందున్న బైట్లన్నీ కూడితే 2, 16, 18, 52 కలిసి 88. 256 నుంచి 88 తీసేస్తే 168, అదే ఏ8. అంటే చెక్‌సమ్‌తో సహా అన్నీ కూడితే చివరి ఎనిమిది బిట్లు సున్నా అవ్వాలి. ఇలాంటి ఫైల్‌లో కోలన్లు తీసేసి మిగతాది బైట్లుగా మార్చితే అడ్రస్‌లూ చెక్‌సమ్‌లూ కూడా డేటాలో కలిసిపోతాయి. మీరు చెప్పినదాన్ని బట్టి లైన్లలో కోలన్ లేదు, 16 జంటలే ఉన్నాయి, కాబట్టి మీది ఇది కాదని నమ్మకంగా చెప్పగలను.

ఆ బైట్లతో తర్వాత సంఖ్యలు చేయాలంటే వరుస గురించి మళ్ళీ ఆలోచించాలి. 12 34 56 78 అనే నాలుగు బైట్లు మొదటి బైట్‌ని అన్నిటికంటే పెద్ద స్థానంగా తీసుకుని (బిగ్ ఎండియన్) చదివితే 30,54,19,896, అన్నిటికంటే చిన్న స్థానంగా తీసుకుని (లిటిల్ ఎండియన్) చదివితే 2,01,89,15,346. ఏది సరైనదో డివైస్ పత్రాల్లో ఉంటుంది. హెక్స్ మార్చే ఫంక్షన్‌లో మాత్రం దీన్ని కలపొద్దు. దాని పని ఉన్న వరుసలో బైట్లు ఇవ్వడం వరకే.

ఇక రాసేటప్పుడు. విండోస్‌లో అవుట్‌పుట్ ఫైల్‌ని టెక్స్ట్ మోడ్‌లో తెరిస్తే సి లాంటి భాషల్లో మీరు రాసిన ప్రతి 10 ముందూ ఒక 13 చేరుతుంది. డేటాలో 10 విలువ లేని చిన్న టెస్ట్ ఫైల్‌తో పరీక్షిస్తే ఇది బయటపడదు. అందుకే పరీక్షకి నేను వాడేది ఒక్కటే ఫైల్: 00 నుంచి ఎఫ్‌ఎఫ్ వరకు 256 విలువలూ ఒక్కొక్కసారి, 512 అంకెలు. దాన్ని బైట్లుగా మార్చి, మళ్ళీ హెక్స్‌గా మార్చి, మొదటిదానితో పోలుస్తాను. 10, 13, 26, 128, 255 అన్నీ అందులోనే ఉంటాయి, పెద్ద అక్షరాలూ అంకెలూ అన్నీ తగులుతాయి. తర్వాత అదే ఫైల్‌ని చిన్న అక్షరాలతో. ఆ తర్వాత కావాలని పాడుచేసిన ఫైళ్లు: చివరి అంకె తీసేసింది, మధ్యలో జి అక్షరం పెట్టింది, జంట నడుమ స్పేస్ ఉన్నది, ఏమీ లేనిది. మొదటి మూడూ లైన్ నంబర్‌తో ఎరర్ ఇవ్వాలి, ఖాళీ ఫైల్‌కి సున్నా బైట్లు రావాలి. కంటితో చూడాలనిపిస్తే ఈ0 బి0 85 మార్చి చూడండి, 224, 176, 133 వస్తాయి. వాటిని యూటీఎఫ్-8గా చదివితే 'అ' అక్షరం కనిపిస్తుంది.

మీ ఫైల్‌కి వస్తే, ఫ్రమ్‌హెక్స్ తర్వాత, రాయడానికి ముందు, పొడవు 1,024 ఉందో లేదో కోడ్‌లోనే చూసి, లేకపోతే ఫైల్ రాయకుండా ఆపేయండి. రాశాక డిస్క్ మీద సైజ్ కూడా 1,024 ఉండాలి. ఆ రెండు సంఖ్యలూ సరిపోయి కూడా డివైస్ తీసుకోకపోతే, అప్పుడు మొదటి 16 బైట్లని మూల ఫైల్ మొదటి లైన్‌తో పక్కపక్కన పెట్టి చూడండి. అవీ ఒకటే అయితే, హెక్స్ నుంచి మార్చడంలో తప్పు లేదు, డివైస్ అడిగే ఫార్మాట్‌ని చూడాలి.